వాన గొట్టంలో నాటిన శిలువ

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక్కసారి చెబుతాను. నా పేరు నికనోర్. సెంట్రింగు వడ్రంగిని, ఇప్పుడు కాపలావాణ్ణి. మెక్సికో నగరంలో, నార్వార్తె పేటలో, సర్కారు ఉద్యోగుల కోసం కట్టిన పదంతస్తుల కొత్త భవనం గేటు దగ్గర రేకుల గదిలో ఉంటున్నాను. నా భార్య ఎర్మెలిందా జనవరిలో పోయింది. మే నెల తను చూడదని తెలిసి, మంచంలో కూర్చునే శిలువ పూలు చేసి పెట్టి పోయింది. మే మూడున ప్రతి కట్టడం మీదా తాపీవాళ్ళు పూలు కట్టిన శిలువ నిలబెడతారు కదా, ఆ పూలు. వాటిని పైకి తీసుకెళ్ళి కట్టినవాడు ఫిదెన్సియో. వాడితో నేను మాట్లాడను. నాకొక కూతురుంది, అంపారో. ఆమె గురించీ మాట్లాడను. సోమవారం మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరిస్తారనగా, శుక్రవారం ఉదయం ఆర్కిటెక్టు లాందా నన్ను పదో అంతస్తుకి రమ్మని కబురు పెట్టడం దగ్గర పోయిన వారం ఆపాను.

లిఫ్టుకి ఇంకా కరెంటు ఇవ్వలేదు. మెట్లెక్కాను. మంత్రిగారికి చూపించబోయే ఇల్లు అదే. గోడ పొడుగునా కిటికీ అద్దం. సోఫాకి చుట్టిన కాగితం ఇంకా విప్పలేదు. లాందా గది మధ్యలో నిలబడి పైకి చూస్తున్నాడు. ముప్ఫై దాటని మనిషి. చేతులు మడిచిన తెల్ల చొక్కా. మెడ నొప్పి పుట్టేదాకా అలాగే చూస్తూ ఉన్నట్టున్నాడు.

"పైకి చూడు మేస్త్రీ."

చూశాను. పాలలాంటి తెల్ల సీలింగు మీద పళ్ళెమంత మరక. రాణి రంగు. దాని పక్కన ఇంకొకటి, కొంచెం చిన్నది. పసుపు.

"తుప్పు అన్నాడు మన ఇంజినీరు," అన్నాడు లాందా. "తుప్పు ఈ రంగుల్లో ఉంటుందా? బల్ల ఎక్కి వేలితో తుడిచి నాలుక్కి రాసుకుని చూశాను."

"ఏముంది?"

"కాగితం రంగు. నవంబరులో పోయినవాళ్ళకి బల్ల పెట్టేటప్పుడు మా అమ్మ ఈ కాగితమే కత్తిరించేది. పెదాలు ఎర్రగా అవుతాయని నేను నమిలేవాణ్ణి. తన్నేది." మళ్ళీ పైకి చూశాడు. "ఈ సగం డాబాకి వాన నీళ్ళు పోయే దారి ఒక్కటే. దాన్ని గోడలో దాచాను. ముందు గోడ మీద ఒక్క గొట్టం కూడా కనపడకూడదని ఆఫీసులో అందరితో గొడవ పెట్టుకుని దాచాను. మీవాళ్ళు ఏం చేశారో తెలుసా? సరిగ్గా అందులోకే శిలువ దించి, ఊగకుండా చుట్టూ సిమెంటు పోశారు."

"మే నెల మొదట్లో అది ఉత్త బొక్కే కదండీ."

"నవ్వకు మేస్త్రీ."

"నేను నవ్వలేదు. మీరు అద్దంలా నున్నటి డాబా కట్టించారు. శిలువ పెట్టుకోవడానికి వేలెడంత సందు వదల్లేదు. కనపడ్డ సందులో పెట్టారు."

లాందా అప్పుడు అసలు సంగతి చెప్పాడు. శిలువ పీకమని ఉదయం తాపీవాళ్ళకి చెబితే అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారట. భవనం అప్పగించక ముందు శిలువ తీస్తే ఎవడో ఒకడు పైనుంచి పడి చస్తాడని వాళ్ళ భయం.

"మరి ఎవరు తీయాలి అంటే నీ పేరు చెప్పారు."

"ఏమని?"

లాందా అద్దంలోంచి బయటికి చూశాడు. "నవ్వులాటకి అన్నార్లే."

"ఏమని అన్నారు ఆర్కిటెక్టు గారూ?"

"వాడికి పోవడానికి ఇంకేం మిగిలింది, అన్నారు."

నిజమే అన్నారు. నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

"రేపు రంగులవాళ్ళు ఈ సీలింగుకి మళ్ళీ తెలుపు వేస్తారు," అన్నాడు లాందా. "సోమవారం మంత్రిగారు తలెత్తి చూస్తారు. ఎందుకంటే తలెత్తి చూడండని నేనే చెబుతాను. ఈలోగా ఒక్క వాన పడి మళ్ళీ కారిందంటే నేను మునిగిపోతాను. నువ్వూ మునుగుతావు. డాబా మీద కాపలావాడి గది నీకని చెప్పి ఉంచాను. కుళాయి ఉంది, కిటికీ ఉంది. డాబా చెరువైపోతుంటే కాపలావాడు ఏం చేస్తున్నాడని నిన్న పెద్దాఫీసులో అడిగారు. శిలువ తీసి గొట్టం తెరిచావా, గది నీది. ఇంకోసారి కారిందా, నా చేతుల్లో ఏమీ ఉండదు."

సోమవారం నా రేకుల గది పీకేస్తారు. ఎర్మెలిందా ప్రాణం పోయిన గది ఎప్పుడో ఇంకెవరికో అద్దెకి వెళ్ళిపోయింది. పుట్టిన ఊళ్ళో నాకెవరూ లేరు. ఈ నగరంలో నేను చెక్క కొట్టని పేట లేదు. వీపు ఆనించుకోవడానికి నాకంటూ ఒక గోడ లేదు.

"తీస్తాను," అన్నాను.

"నేను పైకొచ్చి చూడను. నీ మాట చాలు."

"చూస్తేనే మంచిది."

"ఎందుకు?"

"నీ మాట చాలు అన్నవాళ్ళు చాలామంది తరవాత నన్ను తిట్టుకున్నారు."

అతను నవ్వాడు. పని ఉందని వెళ్ళిపోయాడు. నేను కదల్లేదు. పసుపు మరక కింద నిలబడి ఉన్నాను.

కాగితం తన రంగు ఒక్కసారే వదులుతుంది. మొదటి వానకి తెల్లబోతుంది. రెండో వానకి ముద్దయి రాలిపోతుంది. ఎర్మెలిందా జన్మలో రాణి రంగు తప్ప ఇంకో రంగు కాగితం కొనలేదు. మరి ఈ పసుపు ఎక్కడిది?

*

మే మూడు తరవాత నేను డాబా ఎక్కలేదు. ఆ రోజు కింద గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. పైన టపాకాయలు పేల్చారు, మేక మాంసం తిన్నారు, పుల్కే కల్లు తాగారు. ఎవరో ఒక పళ్ళెం తెచ్చి గుమ్మం ముందు పెట్టి పోయారు. దాన్ని కుక్క తింది.

గునపం, సుత్తి, ఉలి పట్టుకుని పైకి వెళ్ళాను. పిట్టగోడల మధ్య చీలమండల లోతు నీళ్ళు. అందులో ఆకాశం. నడిమధ్య ఇనపకడ్డీ కాలు మీద చెక్క శిలువ. దానిమీద పసుపు, ఊదా, తెలుపు పూలు. పోయిన వారపు వాన తాకని పూలు. ఆ వాన వెలిశాక కట్టినట్టున్నాయి. రాణి రంగు ఒక్కటీ లేదు.

నీళ్ళలో నడిచి దగ్గరికి వెళ్ళాను. ఒక పువ్వు తెంపి చూశాను.

అందరూ కాగితం పూల రేకులు కత్తెరతో కత్తిరిస్తారు. ఎర్మెలిందా చింపేది. మా పెళ్ళయిన కొత్తలో ఇంట్లో కత్తెర లేదు. కాగితం మడిచి, మడత మీద నాలుకతో తడి గీత గీసి, ఆ గీత వెంబడి మెల్లిగా చింపేది. అంచు పిల్లి చెవిలా నూగుగా వచ్చేది. కత్తెర కొన్నాక కూడా చింపడం మానలేదు. నా చేతిలో ఉన్న పసుపు రేకు అంచు నూగుగా ఉంది.

వెనక నీళ్ళ చప్పుడు.

"తడిసిపోతావ్ బావా. బూట్లు విప్పాల్సింది."

ఫిదెన్సియో. పిట్టగోడ మీద కూర్చుని తన బూట్లు విప్పుకుంటున్నాడు. ఇనప పని చేస్తాడు, కడ్డీలు కడతాడు. అంపారోకి జ్ఞానస్నానం చేయించిన రోజు చేతుల్లో ఎత్తుకున్నది వాడే. ఆ రోజు నుంచి మాకు బావా అంటే బావా అన్న వరస. జనవరి నుంచి ఆ వరస లేదు.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"ఆర్కిటెక్టు. నాటినవాడివి నువ్వేగా, పీకడానికి సాయం పట్టు అన్నాడు." ప్యాంటు మడుచుకుంటూ వచ్చాడు. "మాట్లాడవనుకున్నాను. మాట్లాడావు. ఇవాళ మంచిరోజే."

"ఇన్నేళ్ళుగా నిలబెట్టిన శిలువల్లో ఎన్ని నువ్వు నీళ్ళ గొట్టంలో పాతావు?"

"ఇదొక్కటే. నన్నేం చేయమంటావు? నడుముకి కట్టుకోమంటావా? ఈ బాబు గీసిన డాబా చూడు, ఈగ కూడా జారిపడుతుంది. ఒక్క బొక్క కనపడింది. దేవుడే చూపించాడనుకున్నాను." నీళ్ళకేసి చూసి తల గోక్కున్నాడు. "దేవుడికి వానాకాలం గుర్తులేదు కాబోలు."

నాకు నవ్వు రాలేదు. వాడికీ రాలేదు.

"నువ్వు ఆమెని పూడ్చడానికి రాలేదు," అన్నాను.

అయిదు నెలలుగా ఈ మాట నా పళ్ళ మధ్య ఉంది. వాడి ముఖం మారింది.

"ఆ రోజు స్లాబు పోస్తున్నాం బావా. ఈ స్లాబే, మన కాళ్ళ కింద ఉన్నది. మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, నీకు తెలియంది కాదు."

"కాంక్రీటు ఆగదు. శవం ఆగుతుంది."

"నేను ఆపమన్నాను. వాళ్ళు ఆపలేదు."

"నిన్నెవరూ కడ్డీలకి కట్టెయ్యలేదు కదా. దిగి వచ్చేయొచ్చు."

వాడు జవాబు చెప్పలేదు. చెప్పడానికి లేదు కాబట్టి చెప్పలేదు. చాలామంది అప్పుడు ఏదో ఒకటి కల్పించి చెబుతారు. వాడు చెప్పలేదు. ఆ మేరకి వాడికి మార్కులు వేశాను. క్షమించలేదు.

పువ్వు వాడి ముఖం ముందు పెట్టాను.

"ఇది ఎవరు చేశారు?"

"నాకేం తెలుసు?"

"ఆదివారాలు గేటు నువ్వు చూస్తావు. నీకు తెలియకుండా ఎవరు పైకొస్తారు?"

ఫిదెన్సియో వంగి నీళ్ళలో చెయ్యి పెట్టి శిలువ కాలు చుట్టూ సిమెంటు తడిమాడు. తను పోసిన సిమెంటు ఎంత గట్టిదో చూసుకుంటున్నట్టు.

"తెలిసే అడుగుతున్నావు," అన్నాడు చివరికి. "చింపిన రేకు చూశావుగా. ఆ బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నది ఇంకొక్కతే."

పువ్వుని గుప్పిట్లో మూశాను.

"ప్రతి ఆదివారం వస్తుంది. నువ్వు నల్ల కోటు వేసుకుని శ్మశానానికి వెళ్ళాక. మొదటి వానకి అమ్మ పూలు తెల్లబోయాయని ఏడ్చింది. మరుసటి వారం పసుపు కాగితం తెచ్చింది."

"అల్లెలూయాల్లో కలిసినదానికి శిలువ పూలు పాపం కదా."

అదీ సంగతి. నాలుగేళ్ళ కింద అంపారో సువార్త కూటాల వాళ్ళలో కలిసింది. మే మూడుకి ముందురోజు తల్లి బల్ల దగ్గర కూర్చుని పూలు చేస్తుంటే, అమ్మా ఇది విగ్రహారాధన, నేను ముట్టుకోను అంది. ఎర్మెలిందా ఏమీ అనలేదు. నేను అన్నాను. నీ అల్లెలూయాల దగ్గరే అన్నం తిను, వాళ్ళ దగ్గరే పడుకో అని తలుపు చూపించాను. చూపించినందుకు ఇవాళ్టికీ చింత లేదు. తల్లి పోయినప్పుడు వచ్చింది, శ్మశానం గేటు బయట నిలబడింది. లోపలికి రమ్మని నేను పిలవలేదు.

"నేనూ అదే అడిగాను," అన్నాడు ఫిదెన్సియో. "శిలువకి కాదు మామయ్యా, అమ్మ పని సగంలో ఆగిపోయినట్టుంది, అంతే అంది. నాన్నకి చెప్పకు అంది."

"నువ్వు చెప్పావు."

"నువ్వు అడిగావు. అయిదు నెలల్లో నువ్వు నన్నడిగిన మొదటి మాట. లేదనగలనా?" నీళ్ళలోంచి చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "పట్టు. నువ్వు ఉలి పెట్టు, నేను సుత్తి కొడతాను. సాయంత్రానికి గొట్టం తెరుచుకుంటుంది."

ఉలి సిమెంటు మీద పెట్టాను. వాడు సుత్తి ఎత్తాడు.

"ఆగు," అన్నాను.

"ఏం?"

"ఆదివారం తీద్దాం."

సుత్తి గాల్లోనే ఉంది. "ఆకాశం చూశావా నువ్వు?"

"చూశాను."

"వాన పడితే? నీ గది?"

"నా గది నీకెందుకు?"

వాడు సుత్తి మెల్లిగా దించాడు. తరవాత ఏమీ అడక్కుండా కిందికి వెళ్ళి రెండు బకెట్లు తెచ్చాడు. మధ్యాహ్నమంతా నీళ్ళు ముంచి పిట్టగోడ మీదుగా వెనక సందులోకి పారబోశాం. ఒక్క మాట లేదు. మధ్యలో ఒకసారి వాడి రొట్టెల్లో సగం నా పక్కన పెట్టాడు. ఈసారి కుక్క లేదు. తిన్నాను.

*

శనివారం వాన పడలేదు. కింద రంగులవాళ్ళు సీలింగుకి తెలుపు వేశారు. లాందా వచ్చి చూసి, గేటు దగ్గర నా భుజం తట్టి వెళ్ళాడు. పైకి రాలేదు. మాట ప్రకారమే రాలేదు.

ఆదివారం నల్ల కోటు వేసుకున్నాను. టోపీ పెట్టుకున్నాను. ఎప్పటిలాగే చామంతులు పట్టుకుని గేటు దాటాను. ఫిదెన్సియో తాళాలు తీసుకుని, మంచిగా వెళ్ళిరా బావా అన్నాడు. సంత చుట్టూ తిరిగి, వెనక సందులోంచి పనివాళ్ళ మెట్ల మీదుగా పైకి వచ్చాను. ఆమెని పూడ్చిన తరవాత ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. ఇదే మొదటిసారి. చామంతులు ఏం చేయాలో తెలియక బకెట్లో పెట్టాను.

మెట్ల పక్క గోడ మీద చెక్క గీతలు అచ్చుపడి ఉన్నాయి. సెంట్రింగు వడ్రంగి కట్టినదేదీ మిగలదు. కాంక్రీటు గట్టిపడగానే మా పనంతా విప్పి పొయ్యిలో పెడతారు. చెక్క మీది కణుపు మాత్రం గోడ మీద మిగులుతుంది. మధ్యాహ్నం అన్నం తెచ్చినప్పుడు ఎర్మెలిందా గోడ తడిమి, ఈ చెక్క నువ్వు కొట్టిందే అనేది. ఉత్తదే. ఆమెకెలా తెలుస్తుంది? అయినా ప్రతి భవనం దగ్గరా అనేది. ఇప్పుడు ఏ గోడ ఎవరు కట్టారో అడిగేవాళ్ళు లేరు.

డాబా చివర బట్టలు ఆరేసుకోవడానికి కట్టిన తీగల గూళ్ళున్నాయి. కాపురాలు రాలేదు కాబట్టి బట్టల్లేవు. రంగులవాళ్ళు తమ గుడ్డలు ఉతికి ఆరేశారు. ఒక గూట్లో, గుడ్డల వెనక, బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను. గునపం పక్కన ఆనించాను. ఆమె వస్తుంది, పూలు కడుతుంది, వెళ్తుంది. వెళ్ళగానే ఫిదెన్సియోని పిలిచి గొట్టం తెరుస్తాను. అంతే అనుకున్నాను. ఒకవేళ మాట్లాడాల్సి వస్తే ఒక వాక్యం తయారుగా పెట్టుకున్నాను. నీకు ఇక్కడికి రావడానికి ఎవరు సెలవిచ్చారు? అదే వాక్యం. లోపల్లోపల చాలాసార్లు అనుకుని చూశాను. గొంతు బాగానే ఉంది.

కొండల మీద మబ్బు లేచింది. నగరం అటువైపు నుంచి నల్లబడుతూ వచ్చింది. రేడియో తీగలు గాలికి ఊగాయి. ఆమె రాలేదు. ఇవాళ రాదేమో అనుకున్నాను. లేచి గునపం పట్టుకుని, మళ్ళీ కూర్చున్నాను.

మెట్ల మీద అడుగులు.

గుడ్డల సందులోంచి చూశాను. చిక్కిపోయింది. జుట్టు కత్తిరించుకుంది. బూడిదరంగు స్వెట్టరు, చేతిలో సంచీ. పొడిగా ఉన్న డాబా చూసి ఆగింది. నీళ్ళు ఏమయ్యాయని కాబోలు. తరవాత శిలువ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. మొక్కలేదు. శిలువ గుర్తు వేసుకోలేదు. సంచీలోంచి కాగితం తీసింది.

రాణి రంగు.

మడిచింది. మడత నోటి దగ్గరికి తెచ్చి నాలుకతో తడిపింది. చింపింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఏప్రిల్ సాయంత్రాలు ఇల్లంతా వినపడే చప్పుడు. ఎవరో ఇంట్లో ఉన్నారని తెలిపే చప్పుడు. జనవరి తరవాత అది మళ్ళీ వింటాననుకోలేదు. నా వాక్యం ఎక్కడో పోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

ఉరుము. ఆమె తల ఎత్తలేదు. ఒక పువ్వు కట్టింది. రెండోదానికి కాగితం మడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"నాన్నా, టోపీ కనపడుతోంది."

గుడ్డ పై అంచు కంటే నా తల ఎత్తులో ఉంది. కొలత తప్పాను. జీవితమంతా కొలిచినవాణ్ణి.

టోపీ తీయలేదు. కదల్లేదు.

"టోపీ పక్కన గునపం కూడా కనపడుతోంది," అంది. అచ్చం తల్లి గొంతు. "అది ఎందుకు? దీన్ని పీకడానికా, నన్ను తరమడానికా?"

లేచాను. గుడ్డ పక్కకి తోశాను. మా మధ్య ఖాళీ డాబా, మూసుకుపోయిన గొట్టం, దాని మీద శిలువ. మా కాళ్ళ కింద, నిన్ననే తెలుపు వేసిన సీలింగు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను.

ఆమె చేతిలోని కాగితం మీద మొదటి చినుకు పడింది. రాణి రంగు ఆమె వేళ్ళ సందుల్లోంచి కారింది.